పెట్టె మీది చిరునామా

నారాయణఖేడ్

ప్రియమైన గంగకు,

ఫోనులో నీకు చెవి వినపడదు, నాకు ఓపిక ఉండదు. అందుకే ఉత్తరం.

నీ కొడుకు నందీశ్వర్ నిన్న ఇంటికొచ్చాడు. జనమంతా ఇంటర్నెట్‌లో కొంటున్నారట, అతని మడిగెలో ఫ్యాన్లూ మిక్సీలూ దుమ్ము పట్టాయట. మునిసిపాలిటీ కిరాయి తగ్గించకపోతే షట్టర్ దించేస్తానని అర్జీ రాశాడు. వార్డు పెద్దల కమిటీలో ఉన్నానని నా సంతకం కావాలట. "పెద్దమ్మా, గీ ఆన్‌లైన్ గాళ్లు మన ఊరి పన్నంత ఎత్తుకపోతుండ్రు" అన్నాడు. చూసి చెప్తానన్నాను. ప్రోగ్రెస్ కార్డుల మీద చూడకుండా సంతకం చేసే తండ్రులను టీచరుగా చాలామందిని చూశాను. వాళ్ల పిల్లలు ఏమయ్యారో కూడా చూశాను.

ఒకటే అంతుబట్టలేదు. దుమ్ము పట్టిందన్న దుకాణంలో శనివారం నాకు నిలబడే చోటు దొరకలేదు.

నీ స్నేహితురాలు,
లీలమ్మ


ఔరాద్

ప్రియమైన లీలకు,

హాస్టల్లో పప్పులో రాయి రాకపోతే అది పప్పేనా అని అనుమానపడ్డ దానివి. ఇంకా మారలేదు. జనం ఎండకు నీడ కోసం నిలబడి ఉంటారు, అంతే.

ఆ మడిగె మా ఆయన తెరిచింది. మూతపడితే నందీశ్వర్ హైదరాబాద్ పోయి ఏ గోడౌన్లోనో మూటలు మొయ్యాలి. ముగ్గురు ఆడపిల్లల తండ్రి. నేను ఇక్కడ కర్ణాటకలో కూతురి ఇంట్లో కూచుని ఏం చెయ్యగలను? సంతకం పెట్టు. అంత అనుమానమైతే వీధిలో ఎవరింటికి పెట్టెలు వస్తున్నాయో చూడు. ఎవరేమనుకుంటున్నారో కూడా రాయి.

నీ గంగ


నారాయణఖేడ్

ప్రియమైన గంగకు,

వీధంతా చూశాను. పాస్టరు ఇంటికి పుస్తకాలు వస్తున్నాయి, లెక్చరరు ఇంటికి చెప్పులు. ఫ్యాను మాత్రం ఒక్కరికీ రాలేదు. అందరూ నందీశ్వర్ దగ్గరే కొన్నారు. ఇంటర్నెట్ ధరకే ఇస్తాడట, బిల్లు మాత్రం ఇవ్వడట.

అనుమానం తీర్చుకుందామని నేనూ ఒక ఫ్యాను కొన్నాను. పెట్టె మీద బసవన్న బొమ్మ అతికించి, పసుపు రాసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చాక చిక్కొచ్చింది. మాది మెథడిస్టు క్రైస్తవుల ఇల్లు. మీ దేవుణ్ణి చెత్త ట్రాక్టరులో వెయ్యలేను, ఇంట్లో పెట్టుకోలేను. నందీశ్వర్‌కే తిరిగి ఇచ్చేద్దామని తడిగుడ్డ పెట్టి మర్యాదగా ఊడదీశాను. కింద ఆన్‌లైన్ కంపెనీ చీటీ, దాని మీద నీ పేరు, ఔరాద్‌లో మీ అమ్మాయి ఇంటి చిరునామా ఉన్నాయి. మీవాళ్లెవరైనా అయితే ఆ బొమ్మకు మొక్కి అలాగే ఉంచేవాళ్లు. నాకు అమ్మేటప్పుడు మీవాడు ఆ సంగతి మరిచాడు.

సంగారెడ్డిలో పన్నుల లెక్కలు చూసే మా మనవరాలు కృపను అడిగాను. "సరుకు ఏ రాష్ట్రంల దిగితే ఆ రాష్ట్రం వాటా ఆడికే పోతది అవ్వా" అంది. అంటే ఖేడ్‌లో తిరిగే ఫ్యానుకు పన్ను కర్ణాటకకు. ఇక్కడ బిల్లు లేకుండా అమ్మితే మనకు సున్నా. సర్కారుకు పోయిన పన్నులోంచి ఊరికి తిరిగొచ్చేదే నాలుగు చినుకులు, అవి కూడా లేవు. ఇక ఊరి పన్ను ఎత్తుకపోయేది ఎవరు, అర్జీ రాసినవాడే కదా?

నీకు తెలియకుండా నీ పేరు వాడుతున్నాడని నా భయం. రేపు ఎవరైనా అడిగితే ముందు నిన్నే అడుగుతారు. జాగ్రత్త.

నీ లీలమ్మ


ఔరాద్

ప్రియమైన లీలకు,

వాడు నన్ను మోసం చెయ్యలేదు. ఫోను నొక్కి ఆర్డరు పెట్టేది నేనే.

మా మనవరాలు నేహ నేర్పింది. ధర ఎప్పుడు పడుతుందో ఇప్పుడు దానికన్నా నాకే బాగా తెలుసు. డీలరు నందీశ్వర్‌కు ఇచ్చే ధర కంటే ఆన్‌లైన్‌లో జనానికి అమ్మే ధర తక్కువ. శివనే, ఏం చెయ్యమంటావు? వాడు వద్దన్నాడు, నేను వినలేదు. బొమ్మ అతికించమన్నదీ నేనే. దేవుణ్ణి ఎవరూ పీకరు కదా అనుకున్నాను.

వీధి చూడమన్నది కూడా మా మీద ఎవరికైనా కన్ను పడిందేమో తెలుసుకుందామని. నువ్వు సంతకం పెడితే ఇంకెవరూ ఏమీ అడగరు. నిన్ను కూడా ఆ బొమ్మలాగే అతికించుకుందామనుకున్నాను, లీలా.

గంగ


నారాయణఖేడ్

ప్రియమైన గంగకు,

పైన ఆ 'ప్రియమైన' అన్న మాట రాయడానికి పొద్దంతా పట్టింది.

నందీశ్వర్‌ను పిలిచి నీ ఉత్తరం చేతికిచ్చాను. చదివి, మడిచి నా బల్ల మీద పెట్టాడు. "అమ్మను అనకు పెద్దమ్మా. తెచ్చి అమ్మింది నేనే గద" అన్నాడు. నేను నిన్ను ఏమీ అనలేదు. అనడానికి నువ్వు ఎదురుగా ఉండాలి.

పాత అర్జీ మీద సంతకం పెట్టనన్నాను. అక్కడే, నా బల్ల మీదే ఇంకొకటి రాశాడు. డీలరు ధరతో బతకలేక ఔరాద్ నుంచి తెచ్చానని, బిల్లు ఇవ్వలేదని, ఇక మీద సరుకు ఖేడ్‌కే దింపించుకుని బిల్లు రాసి అమ్ముతానని, కిరాయి తగ్గిస్తేనే అది సాధ్యమని. దాని కింద సంతకం చేశాను. అది చదివి కిరాయి తగ్గిస్తారో, మడిగెకు తాళమే వేస్తారో నాకు తెలియదు. వాడికీ తెలియదు. తెలియకుండానే రాశాడు.

వచ్చే సోమవారం మునిసిపల్ కమిషనర్ ముందుకు ముగ్గురం వెళ్తున్నాం. మూడోదానివి నువ్వు. పొద్దుటి బస్సుకు రా. దారిలో ఫోను నొక్కకు.

ఇంకా నీదాన్నే,
లీలమ్మ