కుంటలో బండ, బండ మీద గుంట

ఆగస్టు 29, శుక్రవారం

బిడ్డ వనజకు నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, అమ్మ, నాయనమ్మ, ఆమె పదకొండు మేకలు అందరం కులాసా. హాస్టల్లో నువ్వూ అలాగే ఉన్నావని అనుకుంటున్నాను. ఆదివారం అమ్మ నిన్ను చూడటానికి ఖమ్మం వస్తుంది, ఆమె చేతికిచ్చి దీన్ని పంపుతున్నాను. ఫోన్లో నీకు దొరికేది ఐదు నిమిషాలు, వెనక లైన్లో పిల్లలు నిలబడి ఉంటారు. అంతలో చెప్పగలిగే మాట కాదు ఇది.

నాయనమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. దవాఖానాలో ఇచ్చిన మందు పూస్తోంది. పడవ దిగేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకుంటోంది. నల్లమేక రెండు పిల్లల్ని ఈనింది. ఒకదానికి నీ పేరు పెట్టింది. వద్దన్నాను. "గిది కూడా చెప్పిన మాట ఇనదురా, సరిపోయింది" అన్నది.

నీ హాస్టల్ స్నేహితురాలు దీపిక మన గుట్టను ఉల్లిగడ్డ అన్నదని కోపం పెట్టుకోకు. పొర తీస్తే పొర, నిజమే కదా. డ్యాం నీళ్ల నడుమ మన గుట్ట, గుట్ట మీద కుంట, కుంట నడుమ బండ, బండ నెత్తిన గుంట, గుంటలో వాననీళ్లు, ఆ నీళ్లలో నువ్వు పెట్టిన గులకరాయి. ఇన్నేళ్లూ నాకు అది మేకలు మేసే జాగా, అంతే. ఎక్కడో మంచు దేశంలో ద్వీపంలో సరస్సు, ఆ సరస్సులో మళ్లీ ద్వీపం ఉందట నాన్నా అని నువ్వు ఇసుకలో వేలితో గీసి చూపిన రోజు నుంచి నాకూ ఆ పిచ్చి పట్టింది. పడవ మీద పోతూ ఒక్కొక్కటీ లోపలికి లెక్కపెట్టుకునేవాణ్ణి. గులకరాయి దాకా వచ్చాక, దాని మీద కూడా ఎక్కడైనా చుక్క నీళ్లు నిలిచాయేమోనని చూసేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు.

కుంట నీళ్లు, డ్యాం నీళ్లు ఒకటి కాదని ఎట్ల రుజువు చేస్తవని మీ సైన్సు టీచరు శారద మేడం అడిగితే నువ్వు ఏడుపు ముఖంతో ఇంటికి వచ్చావు. తాపీ మేస్త్రీల లెవల్ పైపు అడిగి తెచ్చి, డ్యాం నీటిమట్టం చూపే గేజీకి సరిగ్గా కుంటలో గుర్తుల కర్ర పాతింది మనిద్దరమే. రెండు చోట్లా అంకెలు వేరుగా ఉన్నంతకాలం రెండు నీళ్లూ వేరు. ఆ ఒక్క మాట మీదే నీ చార్టు జిల్లా సైన్స్ పోటీలో గెలిచింది. హైదరాబాదు పోటీకి పోవాలంటే ఆగస్టు అంకెలన్నీ సోమవారం ఇవ్వాలని రాశావు.

నేను ఏడో తరగతితో ఆగినవాణ్ణి. గేజీ చూసి రాయడం నాకు దొరికిన పని. పదకొండేళ్లలో జ్వరంతో పోయి చూసి రాశాను గాని, ఇంట్లో కూర్చుని ఒక్క అంకె వేయలేదు. మొన్నటిదాకా.

బిడ్డా, పదమూడో తేదీ నుంచి డ్యాంలోనూ కుంటలోనూ అంకె ఒక్కటే.

ఏప్రిల్లో కుంట ఎండిపోయింది. మేకలకు నీళ్ల కోసం నాయనమ్మ బిందె పట్టుకుని, కుంటకూ డ్యాం నీళ్లకూ మధ్య ఉన్న గట్టు ఎక్కి దిగేది. చూడలేక రెండు రోజులు పలుగు పట్టి గట్టును కోసి ఆమె నడవడానికి దారి చేశాను. కోసే ముందు నా నోటుబుక్కులన్నీ తిరగేశాను. పదకొండేళ్లలో నీళ్లు ఎన్నడూ ఇరవై ఒక్క అడుగులు దాటలేదు. దారి అడుగును ఇరవై ఒకటిన్నర దగ్గర ఆపాను. అరడుగు ఎక్కువే ఉంచానని సంతోషపడ్డాను కూడా. ఈ ఏడు నీళ్లు ఇరవై రెండుకు వచ్చాయి. నేను కోసిన దారిలోనుంచే లోపలికి నడిచి వచ్చాయి.

నేనూ అమ్మా నలభై సంచుల మట్టి నింపి అడ్డం వేశాం. ఒక్కరోజు ఆగింది, తెల్లారి జారిపోయింది. మళ్లీ నింపబోతే అమ్మ సంచి పట్టుకుని ఆపింది. "ఇప్పుడు మూస్తే ఏందయ్యా లాభం? లోపలికొచ్చిన నీళ్లల్ల ఏ నీళ్లు ఏవో ఎట్ల ఏరుతవ్?" అన్నది. సంచి ఇచ్చేశాను.

డ్యాం ఇంజనీరు, ఏఈ వెంకటకృష్ణ సార్‌ను నీళ్లు ఒక అడుగు కిందికి దింపమని అడిగాను. ఆయనది సత్తుపల్లి, మంచివాడే. "గేటెత్తితే కింద నాట్లు మునుగుతాయి పగిడయ్యా. మేకల కుంట కోసం ఎత్తానని పైకి ఏం రాయమంటావు?" అన్నాడు. నేనైనా అదే అనేవాణ్ణి. దండం పెట్టి వచ్చేశాను.

నాయనమ్మకు అసలు ఏం పోయిందో అర్థం కాలేదు. "బండ పోయిందారా?" "లేదమ్మా." "నీళ్లు పోయినయా?" "పోలేదు, ఎక్కువైనయి." "మరి ఏంది పోయిందని గట్ల కూసున్నవ్?" లేచి పడవ తాడు విప్పాను. ఆమె మోకాళ్ల కోసమే తవ్వానని మాత్రం చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

పోయిన ఉత్తరంలో పంపిన అంకెల్లో, పదమూడు నుంచి ఉన్నవి నేను ఇంట్లో కూర్చుని వేసినవి. కుంటకు అడుగున్నర ఎక్కువ కలిపి రాశాను. నీళ్లు దిగుతాయి, నీకు తెలిసేలోపు మళ్లీ వేరవుతాయి అనుకున్నాను. దిగలేదు.

నిజం అంకెలు ఈ ఉత్తరంతో పెట్టాను. ఇవి ఇస్తే హైదరాబాదు ఆగిపోతుందేమో. ముందు పంపినవి ఇస్తే నా అబద్ధం నీ పేరు మీద పోతుంది. ఏ కాగితం ఇవ్వమని చెప్పే ముఖం నాకు లేదు. ఏం చేయాలో కూడా తోచడం లేదు.

పొద్దున బండ ఎక్కాను. గుంటలో వాననీళ్లున్నాయి. నీ గులకరాయి ఉంది. అక్కడ కర్ర పట్టదు, వేళ్లు పెట్టి చూశాను. ఆ నీళ్లు ఇంకా దేనిలోనూ కలవలేదు. నాలుగు రోజులు గట్టిగా ఎండ కాస్తే ఇగిరిపోతాయి. దానికీ నేను చేయగలిగింది లేదు. ఉన్నన్నాళ్లు రోజూ పోయి చూసి రాస్తాను.

ఈరోజు: డ్యాం ఇరవై రెండు అడుగులు. కుంట ఇరవై రెండు అడుగులు. బండ మీద గుంట నాలుగు వేళ్లు.

ఇట్లు,
చూసి రాసిన
మీ నాన్న
పగిడయ్య