కొండెక్కని దళం

ఉలాన్‌బాతర్, అక్టోబరు

ప్రియమైన గొంచిగ్‌కు,

క్షేమంగా చేరాను. ఇన్నేళ్ళు రేడియో సార్జెంటుగా పనిచేసి, ఇప్పుడు మీసాలు రాని కుర్రాళ్ళ పక్కన కూర్చుని ఆఫీసరు శిక్షణ పాఠాలు రాసుకుంటున్నాను. అందరూ నన్ను "అక్కా" అంటున్నారు. దమ్‌దిన్ అనేవాడైతే బొత్తాలు కూడా నాచేతే కుట్టించుకుంటున్నాడు.

మనది చిన్న సైన్యం. ఏటా కావలసిన ఆఫీసర్లు కొద్దిమందే. ఉన్నిలో ముళ్ళేరినట్టు ఏరుతారు. మా శిక్షణాధికారి మేజర్ షగ్దర్ మొదటిరోజే నన్ను నిలబెట్టి, "సార్జెంటూ, ఆజ్ఞ పాటించడం నీకు వచ్చు. ఇవ్వడం వచ్చా?" అన్నారు. "నేర్చుకుందామనే వచ్చాను సార్" అన్నాను. నవ్వలేదు ఆ మనిషి.

గట్టెక్కితే మన జిల్లా దండులోనే వేస్తారట. వేసవికల్లా ఇంట్లో ఉంటాను. అందాకా మన అమ్మాయి ఉయాంగాకు అమ్మవీ నాన్నవీ నువ్వే. జడలు బిగించి వెయ్యి, లేకపోతే మధ్యాహ్నానికే ఊడిపోతాయి.

నీ యాంజిన్మా

*

ఖాంగై, జనవరి

ప్రియమైన యాంజిన్మాకు,

జడలు వెయ్యడం వచ్చేసింది. గుర్రం తోకకు వేసినట్టున్నాయని నీ కూతురు ఏడ్చింది గానీ, ఊడలేదు.

కొత్త సంవత్సరం పండగకి మా అన్నయ్య లొదోయ్ వచ్చాడు. మగవాణ్ణి నేను ఆవు పాలు పితుకుతుంటే చూసి, "ఏమ్మా, ఆఫీసరుగారి పెళ్ళామా! టీ పెడతావా, మీ ఆయన వచ్చేదాకా ఆగమంటావా?" అని అందరి ముందూ అన్నాడు. ఇల్లంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. తర్వాత మనం రోజూ తాగే ఉప్పు టీయే పోసి, "తాగు అన్నయ్యా. ఈ జిల్లాలో ఆఫీసరు ఇంటి టీ తాగినవాడివి నువ్వొక్కడివే" అన్నాను. గిన్నె ఖాళీ చేసి మళ్ళీ చాచాడు.

చలి గట్టిగానే ఉంది. మంద బాగుంది. మా గురించి దిగులు పెట్టుకోకు.

నీ గొంచిగ్

*

ఉలాన్‌బాతర్, ఏప్రిల్

ప్రియమైన గొంచిగ్‌కు,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. చివరి పరీక్ష తప్పాను.

దళం నా చేతికిచ్చి, చీకటిపడేలోగా కనుమ మీది రాళ్ళగుట్ట చేరమన్నారు. సగం దారిలో మంచుతుఫాను పట్టుకుంది. వాగు దాటుతుంటే మంచుపెళ్ళ విరిగి దమ్‌దిన్ మోకాళ్ళదాకా దిగిపోయాడు. పైకి లాగాం. కాసేపటికి "అక్కా, కాళ్ళు నావి కానట్టున్నాయి" అన్నాడు. వాడి ముఖం చూశాక నాకు భయం వేసింది.

రేడియోలో మేజర్‌గారికి చెప్పాను. "రెండో దళం ఎక్కుతోంది. నువ్వూ ఎక్కు" అన్నారు. నేను ఎక్కలేదు. అందర్నీ వెనక్కి తిప్పి, కింద కనిపించిన ఒక కాపరి గొర్రెల కొట్టంలోకి తోలాను. దమ్‌దిన్ కాళ్ళు నా పొట్టకు ఆనించుకుని కూర్చున్నాను. రెండో దళం కొండెక్కి జెండా పాతింది.

"ఆజ్ఞ పాటించలేదు" అని మేజర్‌గారు రాసేశారు. వచ్చే నెలాఖరున సైన్యం పెద్దల ముందు నిలబడాలి. సార్జెంటుగానే తిరిగి వస్తానేమో. లొదోయ్ బావగారికి నవ్వుకోడానికి మరో పండగ.

నీ యాంజిన్మా

*

ఖాంగై, ఏప్రిల్

ప్రియమైన యాంజిన్మాకు,

నీ ఉత్తరం పాలబండి డ్రైవరు తెచ్చి ఇచ్చినప్పుడు అన్నయ్య ఇక్కడే ఉన్నాడు. చదివి వినిపించాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. పొయ్యిలో పిడక వేస్తూ, "ఆ పిల్లాడి కాళ్ళు బాగున్నాయా?" అన్నాడు. అంతే.

సార్జెంటుగా వచ్చినా, వంటమనిషిగా వచ్చినా ఇక్కడ నీ చోటు పొయ్యికి ఉత్తరం వైపే, పెద్దలు కూర్చునే చోటే. ఆ పెద్దల ముందు మాత్రం తల దించకు. దమ్‌దిన్ సంగతి రాయి.

నీ గొంచిగ్

*

ఉలాన్‌బాతర్, జూన్

ప్రియమైన గొంచిగ్‌కు,

దమ్‌దిన్ నడుస్తున్నాడు. వేళ్ళన్నీ ఉన్నాయి.

ఇక నా సంగతి. పెద్దల వరుసలో మధ్యన కర్నల్, పక్కన మేజర్ షగ్దర్. "మళ్ళీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తావు?" అని కర్నల్ అడిగారు. "వెనక్కి తిరుగుతాను సార్. ఆ కొండ రేపూ అక్కడే ఉంటుంది. మనిషి కాళ్ళు పోతే మళ్ళీ రావు" అన్నాను.

అప్పుడు మేజర్‌గారు లేచారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"మార్కులు తగ్గించింది నేనే, తగ్గించాల్సిందే. కానీ ఆ రోజు నేను పొయ్యి పక్కన కూర్చుని ఆజ్ఞ ఇచ్చాను. ఈమె మంచులో నిలబడి నిర్ణయం తీసుకుంది. ఆ తప్పుకు శిక్ష పడుతుందని తెలిసే తీసుకుంది. మన సైన్యం చిన్నది. పారేసుకోడానికి మన దగ్గర మనుషులు లేరు. ఈమెకు నక్షత్రం ఇవ్వకపోతే ఇంకెవరికిస్తాం?"

గొంచిగ్, నేను లెఫ్టినెంటునయ్యాను! భుజం మీద నక్షత్రం పెట్టింది మేజర్‌గారే. కుర్రాళ్ళంతా "అక్కా!" అని ఒక్కసారిగా అరిచి తిట్లు తిన్నారు.

కానీ మన జిల్లాకు వెయ్యలేదు. కొత్తగా వచ్చే కుర్రాళ్ళకు నేర్పడానికి నన్ను ఇక్కడే ఉంచమని మేజర్‌గారే అడిగారట. మూడేళ్ళు. ఇష్టం లేకపోతే చెప్పమన్నారు, నీ జవాబు వచ్చేదాకా గడువు ఇచ్చారు. ఇంత గౌరవం నా జీవితంలో ఎరగను. అయినా ఉయాంగా జడలు తలుచుకుని ఈ ఉత్తరం రెండుసార్లు చింపి రాశాను. నువ్వు ఏమంటే అదే.

నీ యాంజిన్మా

*

దారిలో, జూలై

ప్రియమైన లెఫ్టినెంటుగారికి,

నీ ఉత్తరం చదివిన సాయంత్రమే మన గుడారం ఇంటి తాళ్ళు విప్పడం మొదలుపెట్టాను. సగం మంద అన్నయ్యకు అప్పగించాను, మిగతాది మాతో తెస్తున్నాను. లారీ మీద సామాను అన్నయ్యే బిగించి కట్టాడు. దారిన పోయేవాళ్ళు ఎవరడిగినా "మా మరదలు ఆఫీసరు, ఆవిడ దగ్గరికి పోతున్నారు" అని నాకన్నా ముందే చెప్పేశాడు.

ఉయాంగా లారీలో గుర్రపుజీను మీద కూర్చుని పాటలు పాడుతోంది. మీ నగరం బయట, తూల్ నది ఒడ్డున మంచి గడ్డి ఉందట, అక్కడ దిగుతాం. ఇల్లు కదలనివాళ్ళు కదా ఇలాంటప్పుడు ఏడవాలి! మనకేం?

వాళ్ళకు సరేనని చెప్పు. ఇల్లే నీ దగ్గరికి వస్తోంది.

నీ గొంచిగ్