ఢిల్లీ కవర్లో నా కరపత్రం

12 నవంబరు 1996, మాధవరం, మద్రాసు

ప్రభుత్వం మారినాక, పరిశోధనలకు డబ్బిచ్చే ఢిల్లీ మండలి పల్లవి మార్చింది. సగం ఖర్చు ఏదైనా కంపెనీ పెట్టుకుంటేనే మిగతాది ఇస్తుందంట. తొండియార్‌పేట బోరునీళ్లలో విషముందని తేల్చడానికి ఏ కంపెనీ ముందుకొస్తుంది? మా ల్యాబు నడిపే సుగుణ మేడం, ఆ డబ్బు కోసం పంపే అర్జీలో 'విషం' కొట్టేసి 'నీటిశుద్ధి యంత్రం' అని రాశారు.

"ఇది లొంగిపోవడమే మేడం!" అని అరిచాను.

"ల్యాబు మూసేస్తే ఆడ నీళ్లెవరు పరీక్ష చేస్తారప్పా, నీ కరపత్రాలా?" అన్నారు.

ఆ కోపంలో, అర్జీ కవరు అంటించేటప్పుడు 'అమ్ముడుపోయిన మండలి' అనే నా కరపత్రం ఒకటి లోపల పెట్టేశాను. బుద్ధొచ్చి పోస్టాఫీసుకు పరిగెత్తేసరికి టపా వెళ్లిపోయింది.

ల్యాబులో సీసాలు కడిగే కన్నమ్మక్క అడిగింది: "సరిగ్గా పోస్టు చేసినావా తమ్ముడూ? మన ఉద్యోగాలు దాంట్లోనే ఉండాయి."

చేసినానన్నాను. ఇంటికొచ్చి మిగిలిన కరపత్రం ఒకటి తిరగేసి చూశాను. కాగితం ఆదా అని ఆ కరపత్రాలు ల్యాబు పాత లెటర్‌హెడ్ల వెనక సైక్లోస్టైల్ చేశాను. వాటి మీద నా పేరెక్కడా లేదు. మేడం పేరుంది.