కిటికీ పక్కన డోడో

మంగళవారం, రాత్రి

వచ్చే నెల నుంచి ఈ బర్మా ఊళ్లో మన రైలు లైను మూసేస్తారట. ఆ దారినే లైట్ రైలు వేస్తారని స్టేషన్లో నోటీసు అంటించారు. ఈ డొక్కు బండి వల్ల రోజూ ఆఫీసులో చీవాట్లు తినే నాకు సంబరమే అయింది. ఏసీ పెట్టెలు, టైముకి బండి, ఇంకేటి కావాలి!

పిన్నికి చెప్తే, "దానికి కిటికీలు తీస్తారేటి?" అంది. తీయరన్నాను.

"అయితే నా గోంగూర మూట ఎవులు అందుకుంతారే?"

ఇన్నేళ్లూ పిన్ని ప్లాట్‌ఫాం మీంచి అమ్మకం మూట ఎత్తితే, కిటికీ పక్కన కూచునే బర్మావిడే లోపలికి లాగుతాది. లమ్మడా స్టేషన్లో దిగేముందు పిన్ని ఆవిడ ఒళ్లో ఓ గోంగూర కట్ట పెడతాది. బేరం లేదు, మాటా లేదు.

"ఇంతకీ ఆవిడ పేరేటే?" అంది పిన్ని.

రోజూ ఆవిడ పక్కనే నిలబడే నాకూ తెలీదు. మర్యాదకి బర్మా మాటలో డోడో, అంటే అత్తా, అని పిలిచేస్తాం, అంతే.

"రేపు అడుగు," అంది.

అడగొచ్చు. కానీ ఇన్నేళ్లు అక్కర్లేని పేరు ఇప్పుడడిగితే, ఇంక మనం కలవమని నేనే చెప్పినట్టు కాదూ...