లాండ్రీ వెనక తలుపు

మార్చి 4, సోమవారం
యూనివర్సిటీ నుంచి రీసెర్చ్ మేడమ్ వచ్చింది. హోటళ్ళలో స్టాఫ్ ఎందుకు నిలవరు అన్నది ఆవిడ చదువట. ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే పరిశోధన అంది. రోజంతా నవ్వుమొహం పెట్టుకుంటే మనిషి ఎంత అలిసిపోతాడో కూడా కొలుస్తున్నారట. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మాత్రం నా సొంతం.

అందరికీ ఫారాలిచ్చింది. పేరు రాయక్కర్లేదు, డబ్బాలో వేస్తే తను తప్ప ఎవరూ చూడరని రెండుసార్లు చెప్పింది. డబ్బాని మేనేజర్ గది గుమ్మం పక్కన పెట్టారు.

మార్చి 5
అన్నిటికీ 'పూర్తి తృప్తి' అని టిక్కు పెట్టాను. చివరి ప్రశ్న, పనిలో మీకు భయం వేసేది ఏదైనా ఉందా అని. లేదు అని రాశాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసు, హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ని. ఈ వయసులో నాకెందుకొచ్చిన గొడవ.

మార్చి 6, మధ్యాహ్నం
లాండ్రీకి వెళ్ళాను. ఆవిరి, తొమ్మిదిమంది ఆడవాళ్ళు, తాళం వేసిన వెనక తలుపు. దుప్పట్లు బయటికి పోతున్నాయని మేనేజరే వేయించాడు. డ్రయర్ వెనక వైరు మాడిన వాసన. ఎలక్ట్రీషియన్‌కి చెబితే చూస్తానన్నాడు.

నా తోడికోడలు అక్కడే ఇస్త్రీ మెషీన్ మీద పనిచేస్తుంది. ఆ ఉద్యోగం నేనే వేయించాను. ఇద్దరం వాసన సంగతి ఎత్తలేదు. బయటికొచ్చాక గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గేసింది.

మార్చి 8
ఎలక్ట్రీషియన్ ఇంకా రాలేదు.

మార్చి 11, ఉదయం 10
మేనేజర్ పిలిచాడు. టేబుల్ నిండా ఫారాలు. డబ్బా మూత తీసి ఉంది. నేనేం రాయలేదుగా అనుకున్నాను.

మర్యాదగానే కూర్చోమన్నాడు. రోజూ అందరి రిపోర్టులూ చూసేది నేనే కాబట్టి ఎవరి రాత ఏదో నాకు తెలిసే ఉంటుందన్నాడు. ఓ కాగితం నా ముందుకి తోశాడు.

'లాండ్రీ వెనక తలుపుకి తాళం వేస్తున్నారు. మంటలొస్తే మేం బయటికి రాలేం.'

పక్కకి వాలిపోయే ఆ తలకట్లు నాకు తెలియకేం. నా తోడికోడలివి. మరిది రెండేళ్ళుగా మంచంలోనే. ఇద్దరు పిల్లలు. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది.

పోల్చుకోలేకపోతున్నానన్నాను. రేపు ఉదయం దాకా ఆలోచించుకోమన్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

సాయంత్రం 6
ఎందుకు రాశావని ఆమెని అడిగాను.

"నువ్వూ రాసే ఉంటావనుకున్నానక్కా" అంది.

రీసెర్చ్ మేడమ్ ఫోనెత్తలేదు. ఇంట్లో మా ఆయనకి ఏమీ చెప్పలేదు.

మార్చి 12
"ఆ కాగితం నాదేనండి" అన్నాను.

మేనేజర్ తెల్లకాగితం, పెన్ను ఇచ్చి, అయితే అదే మాట ఇక్కడ రాయమన్నాడు. రాశాను. రాత కలవలేదు.

అయినా దాని కింద సంతకం పెట్టి, అదే మాట మేడమ్‌కి రాసివ్వడానికి ఇంకో కాగితం అడిగాను.