చిన్నాయిన కొత్త కారు

నాయినా,

ఈరోజు తూంకుంటలో నీ సంవత్సరీకం పెట్టాము. అక్కడి పొలం ప్లాట్లకు అమ్మిన నీ తమ్ముడు అమ్మనూ నన్నూ తన విదేశీ కారులో మేడ్చల్ తీసుకొచ్చాడు.

"కూసో వదినా. మన దేశం కార్ల లెక్క నడుము ఇరగదు," అన్నాడు.

ఆ మన దేశం కార్లకే నువ్వు కుదుపులు ఆపే కమాన్ పట్టీలు చేశావు. విదేశీ కార్లొచ్చి వాటిని కొనేవాళ్లు లేక ఫ్యాక్టరీ మూతపడ్డాక, అన్నం ముందు కూర్చున్నా కెలికి లేచిపోయేవాడివి. చిన్నాయినకు నేను జవాబు చెప్పేలోపే అమ్మ ఎక్కి కూర్చుంది.

రోడ్డంతా గుంతలే, ఒక్క కుదుపూ తెలియలేదు. తాళం వేసిన మీ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేసరికి అమ్మ నిద్రపోతోంది. నువ్వు పోయాక ఆమె అంత హాయిగా పడుకోవడం ఇప్పుడే చూశాను. లేపి ఆ గేటు చూపించాలని చెయ్యెత్తాను.

"పండనియ్ బిడ్డా," అన్నాడు చిన్నాయిన.

పండనిచ్చాను.