నాయన తెల్ల చొక్కా

ఆళ్లగడ్డ, శుక్రవారం రాత్రి

బడి వార్షికోత్సవంలో ఆడపిల్లల డ్యాన్సు ఆపించింది వేరెవరో కాదు, బడి కమిటీ పెద్ద, మా నాయనే. పదో తరగతి చదివే నా చెల్లెలు హారిక నెల రోజులుగా నేర్చుకున్న డ్యాన్సు అది.

నా పదో తరగతిలో అదే స్టేజీ మీద మగవేషం నాది. నాయన తెల్ల చొక్కా తొడుక్కుని, అప్పటి ఫ్యాషన్‌గా కాలర్ పైకెత్తి, నల్లద్దాలు పెట్టి, భుజాన తువ్వాలు విసురుతూ అచ్చం ఆయనలాగే నడిచాను. ముందు వరసలో ఈల వేసింది ఆయనే.

సాయంత్రం ఆ మాటే అడిగాను.

"అప్పుడు ఇన్ని ఫోన్లు యాడుండాయి మ్మే? ఇప్పుడు ప్రతోడూ వీడియో తీస్తాండాడు. ఎవుడన్నా ఏందో రాసి పెడితే ఎవురు పడాల?"

"తీసేటోళ్లను ఆపు నాయనా, ఆడేటోళ్లను కాదు."

"నంద్యాల కాలేజీలో కరపత్రాలు బాగా తలకెక్కినాయి నీకు!"

నేను రాసిన కరపత్రం మధ్యాహ్నమే హారిక స్నేహితురాళ్ల ఇళ్లకు చేరిందని ఆయనకింకా తెలియదు. 'కమిటీ పెద్ద క్షమాపణ చెప్పాలి' అని అందులో రాసినప్పుడు లేని భయం ఇప్పుడు పట్టుకుంది. ఆయన కొడతాడని కాదు. ఆయన అన్నట్టే ఎవడో హారిక వీడియో పెడితే? నా పౌరుషానికి అది ఏడవాల్సి వస్తే...

హారిక మగవేషానికి ఆ తెల్ల చొక్కానే ఇస్త్రీ చేసి దాని సంచిలో పెట్టాను. మిగిలిన ఒక్క కరపత్రాన్ని నాయన కళ్లజోడు కింద ఉంచాను. 'రేపు ఉదయం పది గంటలకు మా ఆడపిల్లల డ్యాన్సు చూడటానికి అందరూ బడి స్టేజీ దగ్గరికి రండి' అన్న చివరి వాక్యం కింద పెన్నుతో రాశాను:

నాయనా, నువ్వు కూడా రా. ముందు వరసలోకి.